పౌండంటే ఏ పౌండు?

పిల్లలూ, ముందుగా ఒక పొడుపు ప్రశ్న. పౌండు దూది బరువా, పౌండు బంగారం బరువా?

"రెండూ ఒకటే తాతయ్యా! కిలో దూది, కిలో ఇనుము ప్రశ్నే కదా ఇది" అని మీరు ఠక్కున అంటారు. కిలోల్లో అడిగి ఉంటే ఆ జవాబుకి నూటికి నూరు మార్కులు వేసేవాణ్ణి. నేను అడిగింది పౌండ్లలో కాబట్టి జవాబు వేరు. పౌండు దూదే బరువు! పౌండు దూది 453.6 గ్రాములు తూగుతుంది, పౌండు బంగారం 373.2 గ్రాములే. రెండింటికీ నడుమ 80 గ్రాముల తేడా.

సరే, ఔన్సు దూది బరువా, ఔన్సు బంగారం బరువా? ఈసారి బంగారమే బరువు. ఔన్సు బంగారం 31.1 గ్రాములు, ఔన్సు దూది 28.35 గ్రాములు.

ఇందులో గారడీ ఏమీ లేదు. ఇంగ్లీషు వాళ్ల దగ్గర ఒకే పేరుతో రెండు పౌండ్లు ఉండేవి. ఉన్ని, దూది, వెన్న, మాంసం లాంటి మామూలు సరుకులు తూచేది ఒకటి. దాన్ని అవర్డుపోయిజ్ పౌండు అంటారు. బంగారం, వెండి తూచేది రెండోది. దాని పేరు ట్రాయ్ పౌండు. ఫ్రాన్సులో ట్ర్వా అనే ఊళ్లో జరిగే పెద్ద సంతల మీదుగా ఆ పేరు వచ్చిందంటారు. రెండింటికీ అడుగున ఉన్న కొలత మాత్రం ఒకటే, గ్రెయిన్. అంటే గింజ. మన కంసాలులు గురివింద గింజలతో బంగారం తూచినట్టే అక్కడివాళ్లూ ధాన్యపు గింజతో మొదలుపెట్టారు. అవర్డుపోయిజ్ పౌండుకి 7,000 గ్రెయిన్లు, ట్రాయ్ పౌండుకి 5,760 గ్రెయిన్లు.

ఇప్పుడు పెన్సిలు తీసి లెక్క వెయ్యండి. సరుకుల పౌండును 16 ఔన్సులుగా పంచారు. 7,000ని 16తో భాగిస్తే ఔన్సుకి 437.5 గ్రెయిన్లు. బంగారపు పౌండును 12 ఔన్సులుగానే పంచారు. 5,760ని 12తో భాగిస్తే ఔన్సుకి 480 గ్రెయిన్లు. మొత్తం చిన్నదైనా పంచిన వంతులు తక్కువ కాబట్టి ఒక్కో వంతు పెద్దదైంది. పౌండులో ఓడిన బంగారం ఔన్సులో గెలవడానికి కారణం ఇదే.

16 ఎందుకు, 12 ఎందుకు అనీ అడగండి, మంచి ప్రశ్నే. తక్కెడ ఒక్కటి ఉంటే చాలు, తూనిక రాళ్లు లేకపోయినా సరుకును సరిగ్గా రెండు సగాలు చెయ్యొచ్చు. ముల్లు నిటారుగా నిలిచేదాకా అటూ ఇటూ సర్దితే సరి. సగంలో సగం, అందులో సగం చేసుకుంటూ పోతే 16 నుంచి 8, 4, 2, 1 వరకు ఎక్కడా చిల్లర తేలదు. సంతలో కూర్చున్న వ్యాపారికి అంతకన్నా ఏం కావాలి? 12కి ఉన్న సుగుణం వేరు. దాన్ని రెండుగా, మూడుగా, నాలుగుగా, ఆరుగా పంచుకోవచ్చు. 10ని మూడు సమభాగాలు చెయ్యమంటే చిక్కులో పడతాం కదా!

బ్రిటన్‌లో ట్రాయ్ పౌండును 1878 నాటి చట్టంతో తీసేశారు. దాని బిడ్డ ట్రాయ్ ఔన్సు మాత్రం ప్రపంచమంతటా బతికే ఉంది. అంతర్జాతీయ మార్కెట్‌లో ఔన్సు బంగారం ఇన్ని డాలర్లు అని టీవీలో చెప్పేది ఈ 31.1 గ్రాముల ఔన్సు గురించే. గ్రాము ధర కట్టాలంటే 31.1తోనే భాగించాలి. వంటల పుస్తకంలో కనిపించే 28.35 ఇక్కడ పనికిరాదు.

తక్కెడలోంచి పుట్టిన డబ్బు

డల్లాస్‌లో పెరిగే తెలుగు పిల్లవాడు "నా బరువు 60 పౌండ్లు" అంటాడు. లండన్‌లో పెరిగే వాడి పిన్ని కూతురు "ఈ పుస్తకం 6 పౌండ్లు" అంటుంది. ఒకరు చెప్పేది తూకం, ఒకరు చెప్పేది ధర. ఈ రెండూ ఒక పేరు ఎలా పంచుకున్నాయో తెలియాలంటే మనం పాత రోముకి వెళ్లాలి.

రోమన్లకు "లిబ్రా" అంటే తక్కెడ. ఆ తక్కెడలో తూచే ఒక బరువు పేరు కూడా లిబ్రాయే, మన లెక్కలో దాదాపు 328 గ్రాములు. "లిబ్రా పొండో" అంటే తూకం ప్రకారం ఒక లిబ్రా. ఇంగ్లీషు వాళ్లు ఈ జంటలో రెండో మాటను నోటికి తీసుకుని పౌండు అన్నారు, మొదటి మాటను రాతకు తీసుకున్నారు. పౌండ్లను పొట్టిగా రాయాల్సి వచ్చినప్పుడు పౌండులో కనిపించని ఎల్, బి అక్షరాలు రాసేది అందుకే. బ్రిటిష్ డబ్బు గుర్తు కూడా లిబ్రా మొదటి అక్షరం ఎల్‌కి అడ్డగీత కొడితే వచ్చినదే. రాశిచక్రంలో లిబ్రా అని ఇంగ్లీషులో పిలిచేది మన తులారాశినే. తుల అన్నా తక్కెడే, తులం అనే మన తూకం పేరూ అందులోంచి వచ్చిందే.

లిబ్రాను రోమన్లు 12 వంతులు చేసి ఒక్కో వంతును "ఉన్సియా" అన్నారు. ఔన్సు దాని మనవడు. అడుగును కూడా 12 వంతులు చేశారు కాబట్టి, పట్టీ మీద కనిపించే ఇంచి, అంటే మన అంగుళం, ఉన్సియాకు మరో మనవడు.

తూకం డబ్బుగా మారింది షార్లమేన్ చక్రవర్తి కాలంలో. పశ్చిమ యూరప్‌లో చాలా భాగాన్ని ఏలిన ఈయన 8వ శతాబ్దం చివర నాణేలను సంస్కరించాడు. పౌండు వెండిలోంచి 240 వెండి నాణేలు కొట్టాలి. వాటిలో 12 ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు. ఇంగ్లండు కూడా ఈ లెక్కనే పట్టుకుంది. అక్కడ ఆ చిన్న వెండి నాణెమే పెన్నీ.

గమనించారా, ఇందులో పౌండు అనే నాణెం లేదు. షిల్లింగు నాణెమూ లేదు. చేతిలో ఆడేది పెన్నీ ఒక్కటే. "నూరు పౌండ్ల బాకీ" అంటే 24,000 పెన్నీలు లెక్కపెట్టి ఇవ్వాలని, లేదా ఆ బరువు వెండి తూచి ఇవ్వాలని అర్థం. ఇంగ్లండులో పౌండు విలువతో మొట్టమొదట నాణెం కొట్టించింది ఏడో హెన్రీ రాజు, 1489లో. అది బంగారు నాణెం, పేరు సావరిన్. అంతదాకా పౌండు కాగితం మీది లెక్కగానే బతికింది.

2002 వరకు ఇటలీలో చెలామణీ అయిన లీరా, ఇప్పటికీ టర్కీలో ఉన్న లీరా, ఫ్రెంచి విప్లవానికి ముందు అక్కడ వాడిన లివ్రు, అన్నీ ఆ లిబ్రా సంతానమే. ఈజిప్టు, లెబనాన్, సిరియా, సుడాన్ దేశాల డబ్బును కూడా ఇంగ్లీషులో పౌండ్లనే అంటారు. తూకం వైపు చూస్తే, జర్మనీ సంతల్లో పౌండు అడిగితే ఇప్పటికీ అర కిలో తూచి ఇస్తారు.

మన రూపాయీ తూనిక రాయే

ఇదంతా దూరపు ముచ్చట అనుకోకండి. 1833లో ఈస్టిండియా కంపెనీ ఒక నిబంధన చేసింది. దాని ప్రకారం వెండి రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అదే ఒక తులం. అంటే 11.66 గ్రాములు. 80 తులాలు ఒక సేరు, 40 సేర్లు ఒక మణుగు.

మళ్లీ పెన్సిలు పట్టండి. 180ని 80తో హెచ్చిస్తే 14,400. దాన్ని 40తో హెచ్చిస్తే 5,76,000 గ్రెయిన్లు. ట్రాయ్ పౌండుకి 5,760 గ్రెయిన్లని ఇందాక చెప్పుకున్నాం. అంటే ఆ మణుగు సరిగ్గా 100 ట్రాయ్ పౌండ్లు! చిల్లర గ్రెయిన్ కూడా లేదు. కలకత్తా బజారులో బస్తా తూచే మణుగును లండన్ బంగారు త్రాసుతో అలా ముడేశారు. రూపాయి నాణెం జేబులో ఉంటే డబ్బు, తక్కెడలో వేస్తే తులం రాయి.

ఇక్కడా ఒక చిక్కు ఉంది. ఇది బెంగాలు మణుగు. మద్రాసు రాజధానిలో, అంటే మన కోస్తా, రాయలసీమల్లో తూకాలు వేరు. 3 తులాలు ఒక పలం, 40 పలాలు ఒక వీశె, 8 వీశెలు ఒక మణుగు. వీశెకి 120 తులాలు, మన లెక్కలో 1.4 కిలోలు. ఆ లెక్కన మన మణుగు 11 కిలోల పైచిలుకు, బెంగాలు మణుగు 37 కిలోల పైచిలుకు. పేరొకటే, బరువు మూడింతలు తేడా! రైల్లో సరుకు పంపే వ్యాపారి "ఏ మణుగు?" అని అడక్కపోతే నిండా మునిగినట్టే.

తులం సంగతీ అంతే. అసలు తులం 11.66 గ్రాములు. ఇప్పుడు నగల కొట్లో తులమంటే 10 గ్రాములని లెక్క కడుతున్నారు. పెళ్లి మాటల్లో అమ్మమ్మ చెప్పే 20 తులాలు, కొట్టువాడు తూచే 20 తులాలు ఒకటి కావు. రెండింటికీ 33 గ్రాముల తేడా ఉంది.

వెండి కరిగింది, పేరు మిగిలింది

ఇప్పుడు డబ్బు పౌండు కథలో బాధాకరమైన భాగం. ఇంగ్లండులో మొదట్లో 240 పెన్నీలు తూచిన పౌండును టవర్ పౌండు అనేవారు. లండన్ టవర్ కోటలో టంకశాల ఉండేది మరి. అది దాదాపు 350 గ్రాములు. అంటే ఆ రోజుల్లో డబ్బు పౌండులో 350 గ్రాముల నాణేల వెండి ఉండేది. అందులో నూటికి 92.5 వంతులు శుద్ధ వెండి, మిగతాది గట్టిదనం కోసం కలిపే రాగి. స్టెర్లింగ్ వెండి అనేది దాన్నే.

రాజుగారికి యుద్ధం వచ్చిందనుకోండి. ఖజానాలో ఉన్న వెండి పెరగదు. పెన్నీని కాస్త చిన్నదిగా కొడితే అదే వెండిలోంచి ఎక్కువ పెన్నీలు వస్తాయి. 14వ శతాబ్దంలో మూడో ఎడ్వర్డు ఆ పనే చేశాడు. 16వ శతాబ్దంలో ఎనిమిదో హెన్రీ టవర్ పౌండును తీసేసి ట్రాయ్ పౌండు పెట్టాడు, తర్వాత వెండిలో రాగి కలిపి నాణేలనే కల్తీ చేశాడు. జనం తక్కువ తిన్నారా? నాణెం అంచులు సన్నగా కత్తిరించి, ఆ వెండి పొడి దాచుకుని, నాణేన్ని మళ్లీ చెలామణీ చేసేసేవారు. 

ఈ కత్తిరింపు దొంగల మీదికి వెళ్లింది ఎవరో తెలుసా? న్యూటన్! గురుత్వాకర్షణ సూత్రం చెప్పిన ఐజాక్ న్యూటనే. 1696లో ఆయన టంకశాలలో వార్డెన్‌గా చేరాడు, 1699 చివర్లో మాస్టర్ అయ్యాడు. పాత నాణేలన్నీ వెనక్కి తీసుకుని కరిగించి కొత్తవి కొట్టే పెద్ద పనిని దగ్గరుండి నడిపించాడు. మర మీద కొట్టిన ఆ కొత్త నాణేలకు అంచున గాట్లు ఉండేవి. గోరంత కత్తిరించినా గాట్లు పోయి దొంగతనం బయటపడిపోతుంది. మీ జేబులో రూపాయి బిళ్లల అంచు తడిమి చూడండి, గాట్లున్న నాణేలు దొరుకుతాయి. వాటికి ఉన్న చరిత్ర ఇది.

1816కి వచ్చేసరికి ట్రాయ్ పౌండు వెండిలోంచి 66 షిల్లింగులు కొడుతున్నారు. 20 షిల్లింగులు పౌండు కాబట్టి, డబ్బు పౌండులో మిగిలిన వెండి 113 గ్రాములు. 350 నుంచి 113కి దిగిందన్నమాట. 1920లో వెండి పాలు సగానికి తగ్గించారు. 1947లో చెలామణీ నాణేల్లోంచి వెండి పూర్తిగా మాయమైంది, రాగి, నికెలు మిశ్రమం వచ్చింది. ఇప్పటి పౌండు నాణేనికి 12 పలకలు, 8.75 గ్రాముల బరువు. అందులో వెండి నలుసంత కూడా లేదు.

1817లో బంగారు సావరిన్‌ను మళ్లీ కొత్తగా కొట్టారు. 40 ట్రాయ్ పౌండ్ల 22 కారెట్ల బంగారంలోంచి 1,869 సావరిన్లు రావాలని నియమం. భాగించి చూస్తే ఒక్కోటి 7.988 గ్రాములు. ఈ అంకె చూస్తే మీ అమ్మమ్మకు ఏదో గుర్తు రావాలి. అవును, 8 గ్రాములు, కాసు బంగారం! మన కోస్తాలో నగల కొట్లో కాసు అని తూచే బరువుకూ ఈ సావరిన్‌కూ తేడా లేదనే చెప్పాలి. తమిళులు దాన్ని "పవున్" అంటారు, మలయాళీలు "పవన్" అంటారు. అది పౌండే! డల్లాస్ పిల్లవాడి పౌండుకీ చెన్నై పెళ్లికూతురి పవున్‌కీ తాత ఒక్కడేనన్నమాట. ఇంకో సంగతి. 1918లో ఈ సావరిన్లను బొంబాయి టంకశాలలోనూ కొట్టారు. అప్పట్లో పౌండుకి 15 రూపాయలు. అదే సంవత్సరం అక్కడే అంతే బరువుతో 15 రూపాయల బంగారు మొహరు కూడా కొట్టారు.

పౌండుకి 240 పెన్నీల లెక్క 1971 ఫిబ్రవరి 15 వరకు సాగింది. ఆ రోజు నుంచి పౌండుకి 100 పెన్నీలు. మనం రూపాయికి 16 అణాల లెక్క వదిలి నూరు నయాపైసలకు మారింది 1957 ఏప్రిల్ 1న. ఈ విషయంలో మనమే పద్నాలుగేళ్లు ముందున్నాం.

మంటల్లో పోయిన పౌండు

డబ్బు పౌండు అలా కరిగిపోతుంటే తూకం పౌండు ఎలా నిలబడింది? దానికి అసలు రాయి ఒకటుండేది. 1758లో చేసిన ఇత్తడి ట్రాయ్ పౌండును లండన్‌లో పార్లమెంటు భవనంలో దాచారు. దేశంలో ఏ రాయి మీద అనుమానం వచ్చినా చివరికి దానితోనే పోల్చాలి. 1824లో చట్టం కూడా దాన్నే ప్రమాణంగా గుర్తించింది.

1834 అక్టోబరు 16న ఆ భవనం తగలబడింది. పాత కాలంలో ప్రభుత్వ లెక్కలు చెక్క పుల్లల మీద గాట్లు పెట్టి దాచేవారు. అవసరం తీరిన ఆ పుల్లల్ని కింది పొయ్యిల్లో వేసి కాలుస్తుంటే మంటలు భవనానికి అంటుకున్నాయి. గజం ప్రమాణం, పౌండు ప్రమాణం రెండూ అందులో పోయాయి. 

చట్టం చేసినవాళ్లు ముందుచూపుతో ఒక దారి రాసి పెట్టారు. ప్రమాణం పోతే నీళ్లు తూచి మళ్లీ తయారు చేసుకోవచ్చు, ఒక ఘనపు అంగుళం నీరు 252.458 గ్రెయిన్లు అని. వినడానికి భలే ఉంది కదూ! నిపుణుల సంఘం పరిశీలించి, ఆ దారి నమ్మదగింది కాదని తేల్చింది. వేర్వేరు శాస్త్రజ్ఞులు తూచిన నీటి బరువులు ఒకదానితో ఒకటి కలవలేదు. పోయిన రాయితో అంతకుముందే జాగ్రత్తగా పోల్చి చూసిన నకళ్లు కొన్ని ఉన్నాయి, వాటినే ఆధారం చేసుకోవాలన్నారు.

ఆ పని కేంబ్రిడ్జిలో ఖనిజశాస్త్రం చెప్పే విలియం హాలోస్ మిల్లర్ చేతికి వచ్చింది. ఇంటర్, డిగ్రీల్లో స్ఫటికాల పాఠంలో మిల్లర్ సూచికలు చదువుకుంటారే, ఆ మిల్లరే. ఈసారి ప్రమాణాన్ని ఇత్తడితో కాకుండా, తుప్పు పట్టని, గాలికి మారని ప్లాటినంతో చేశారు. ఈసారి ప్రమాణం ట్రాయ్ పౌండు కాదు, 7,000 గ్రెయిన్ల సరుకుల పౌండు.

మిల్లర్‌కి ఎదురైన ఒక చిక్కు చెబుతాను, వినండి. నీళ్లలో దిగితే ఒళ్లు తేలికైనట్టే, గాలిలో ఉన్న ప్రతి వస్తువునూ గాలి కొంచెం పైకి తోస్తుంది. ఎంత చోటు ఆక్రమిస్తే అంత తోపు. పౌండు ఇత్తడి దాదాపు 54 ఘనపు సెంటీమీటర్లు ఉంటుంది. పౌండు ప్లాటినం 21 మాత్రమే. 33 ఘనపు సెంటీమీటర్ల తేడా. ఘనపు సెంటీమీటరు గాలి బరువు 1.2 మిల్లీగ్రాములు. అంటే ఇత్తడి పౌండును గాలి దాదాపు 40 మిల్లీగ్రాములు ఎక్కువ మోస్తోంది! తక్కెడ ముల్లు నిటారుగా ఉన్నా రెండు పళ్లేల్లో ఉన్న పదార్థం సమానం కాదన్నమాట. పైగా గాలి బరువు కూడా వేడినిబట్టి, ఒత్తిడినిబట్టి మారుతూ ఉంటుంది. అందుకే తూచిన ప్రతిసారీ ఉష్ణమాపకం, వాయుభార మాపకం చూసి ఆ మేరకు లెక్క సరిచేసుకోవాలి. 40 మిల్లీగ్రాములకి ఇంత హడావుడి ఎందుకని మీరు అనుకోవచ్చు. దేశంలోని రాళ్లన్నిటికీ తల్లి రాయి అది. అందులో వచ్చిన తప్పు ప్రతి కొట్లోకీ పాకుతుంది.

ఇంత శ్రమపడినా, ఏ దేశపు ప్లాటినం ముక్క ఆ దేశానిదే. అమెరికా 1893లోనే తన పౌండును కిలోగ్రాముతో ముడిపెట్టుకుంది. 1959లో అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా కలిసి ఒక మాట అనుకున్నాయి. పౌండంటే సరిగ్గా 0.45359237 కిలోగ్రాములు. ఈ పొడుగు అంకెను 7తో భాగించి చూడండి, శేషం రాదు. కాబట్టి గ్రెయిన్ కూడా సరిగ్గా 64.79891 మిల్లీగ్రాములని తేలుతుంది.

మరి అప్పట్లో కిలోగ్రామును నిలబెట్టింది ఎవరు? ఫ్రాన్సులో, పారిస్ పక్కన దాచిన ప్లాటినం, ఇరిడియం దిమ్మె. దాని నకళ్లలో 57వ నంబరుది మన ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉంది. నూరేళ్లలో అసలుకూ నకళ్లకూ కొన్ని మైక్రోగ్రాముల తేడాలు కనిపించాయి. అసలు తగ్గిందో నకళ్లు పెరిగాయో చెప్పే దారి లేదు. అందుకని 2019 మే 20 నుంచి దిమ్మెను పక్కనపెట్టి, ప్లాంక్ స్థిరాంకం అనే ప్రకృతి సంఖ్య మీద కిలోగ్రామును నిలబెట్టారు. దాన్ని ఏ మంటా కాల్చలేదు, ఏ రాజూ కత్తిరించలేడు. గింజలతో మొదలైన పౌండు కూడా కిలోగ్రాము ద్వారా ఇప్పుడు దాని మీదే నిలబడింది.

బరువు వేరు, బలం వేరు

కథ ఇక్కడితో సుఖాంతం కావాలి. కాని పౌండుకి ఇంకో వేషం ఉంది. తక్కెడలో రాయితో పోల్చి తూచేది ద్రవ్యరాశి, అంటే వస్తువులో ఉన్న పదార్థం. స్ప్రింగు త్రాసుకు వేలాడదీస్తే అది చూపేది భూమి లాగే బలం. చంద్రుడి మీద తక్కెడ పౌండును పౌండుగానే చూపిస్తుంది. స్ప్రింగు త్రాసు ఆరో వంతే చూపిస్తుంది. ఇంజినీర్లు ఈ రెండింటికీ పౌండు పేరే వాడారు. పంక్చరు షాపులో "ఎన్ని పాయింట్లు పెట్టమంటారు?" అని అడిగి 30 పెడతాడే, ఆ 30 అంటే చదరపు అంగుళానికి 30 పౌండ్ల బలం. ఒక్క పౌండు బలం మన న్యూటన్లలో 4.45.

ఈ 4.45 ఒక అంతరిక్ష నౌకను మింగేసింది. 1998 డిసెంబరులో అమెరికా అంగారకుడి వాతావరణం పరిశీలించడానికి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్‌ను పంపింది. దారిలో దాన్ని సర్దడానికి చిన్న చిన్న రాకెట్లు మండించేవారు. ఆ తోపుల లెక్క కట్టే కంప్యూటర్ ప్రోగ్రాము జవాబును పౌండ్లలో ఇచ్చింది. ఆ అంకె అందుకున్న రెండో ప్రోగ్రాము దాన్ని న్యూటన్లని అనుకుంది. ప్రతి తోపూ అసలుకన్నా నాలుగున్నర రెట్లు చిన్నదిగా లెక్కలోకి వెళ్లింది. తొమ్మిది నెలలపాటు ఆ తప్పు పేరుకుంది. 1999 సెప్టెంబరు 23న అంగారకుణ్ణి 226 కిలోమీటర్ల ఎత్తులో దాటాల్సిన నౌక, దాదాపు 57 కిలోమీటర్ల ఎత్తుకి దిగిపోయింది. మళ్లీ దాని మాట వినిపించలేదు.

మనుషులున్న విమానం సంగతి ఇంకా గుండె దడ పుట్టిస్తుంది. 1983లో కెనడా పౌండ్లనుంచి కిలోలకు మారుతోంది. జూలై 23న ఎయిర్ కెనడా 143వ నంబరు విమానం మాంట్రియల్ నుంచి ఒట్టావా మీదుగా ఎడ్మంటన్ వెళ్లాలి. కొత్త బోయింగ్ 767. ఇంధనం చూపే మీటర్లు పనిచెయ్యలేదు. ట్యాంకులో కొలపుల్లతో చూస్తే 7,682 లీటర్లు ఉంది. ప్రయాణానికి 22,300 కిలోలు కావాలి. లీటర్లను కిలోలు చెయ్యాలంటే 0.8తో హెచ్చించాలి. వాళ్లు చేతికి వచ్చిన పాత కాగితం ప్రకారం 1.77తో హెచ్చించారు. అది లీటరు ఇంధనం ఎన్ని పౌండ్లో చెప్పే అంకె! వచ్చిన 13,597ని కిలోలనుకున్నారు. తక్కువపడింది 8,703 కదా అని, దాన్ని మళ్లీ 1.77తోనే భాగించి 4,917 లీటర్లు పోయించారు. అసలు పోయాల్సింది 20,000 లీటర్ల పైచిలుకు.

41,000 అడుగుల ఎత్తులో ఇంజన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. విమానంలో 69 మంది. కెప్టెన్ రాబర్ట్ పియర్సన్‌కు ఇంజన్ లేని గ్లైడర్లు నడిపిన అనుభవం ఉంది. పక్కనున్న మారిస్ క్వింటాల్‌కు దగ్గర్లో గిమ్లీ అనే పాత వైమానిక స్థావరం తెలుసు. ఆ రన్‌వేను అప్పటికి కార్ల పందేలకు వాడుతున్నారన్నది వాళ్లకు తెలియదు. అక్కడ ఆ రోజు జనం కూడా ఉన్నారు. చప్పుడు లేకుండా దిగివచ్చిన ఆ విమానం ముందు చక్రం ముడుచుకుపోయి, నేలకు రాసుకుంటూ ఆగింది. ఒక్క ప్రాణమూ పోలేదు. విమానం కూడా బాగుపడి 2008 దాకా ఎగిరింది.

గుణకారం తప్పు చేసినవాళ్లు లేరు ఇందులో. 7,682ని 1.77తో హెచ్చిస్తే 13,597 వస్తుంది, సందేహం లేదు. అంకె పక్కన ఏం రాయాలన్న దగ్గరే పొరపాటు జరిగింది.

అందుకే పిల్లలూ, లెక్క చేసేటప్పుడు ప్రతి మెట్టులోనూ అంకె పక్కన ప్రమాణం రాయండి, చివరి జవాబు దగ్గర మాత్రమే కాదు. "లీటర్లు గుణించు, లీటరుకి పౌండ్లు" అని వాళ్లు ఒక్కసారి రాసుకుని ఉంటే, లీటర్లు కొట్టేసుకుపోయి పౌండ్లు మిగిలాయని కంటికే కనిపించేది. పరీక్షలో మాష్టారు అరమార్కు తగ్గించేది మీ మీద కోపంతో కాదు.

పెద్దలకూ ఒక మాట. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు మనవడి బరువు 44 పౌండ్లని రాసి ఉంటుంది. అంటే 20 కిలోలు. పిల్లల మందులు చాలావాటికి మోతాదు కిలోల లెక్కన కడతారు. ఆ 44ని కిలోలనుకుంటే మందు రెండింతలు దాటిపోతుంది. కాబట్టి అక్కడి డాక్టరుకైనా, ఫోన్లో ఇక్కడి డాక్టరుకైనా బరువు చెప్పేటప్పుడు అంకెతో ఆగకండి, కిలోలో పౌండ్లో కలిపి చెప్పండి. వాళ్లు అడక్కపోయినా చెప్పండి.